ఫైబర్ బయోసెన్సర్: సెన్సిటివిటీ పెరిగినా డిటెక్షన్ లిమిట్ దిగడం లేదు, ఎవరైనా చూశారా?

ప్రవల్లిక_ఫైబర్
అందరికీ నమస్కారం. డెంగీ ఎన్‌ఎస్1 ప్రోటీన్‌ను పట్టుకునే ఆప్టికల్ ఫైబర్ సెన్సర్ మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. జ్వరం మొదలైన తొలి రోజుల్లోనే రక్తంలో కనిపించే ప్రోటీన్ కాబట్టి ఇది ఎంత తక్కువలో దొరికితే అంత మేలు. 200 మైక్రాన్ల కోర్ ఉన్న సిలికా ఫైబర్‌ను యు ఆకారంలో వంచి, బంగారు నానోకణాలు అతికించి, వాటి మీద యాంటీబాడీ నిలిపాను. రిఫ్రాక్టివ్ ఇండెక్స్ (కాంతిని వంచే గుణం) కొద్దికొద్దిగా మారే చక్కెర ద్రావణాలతో చూస్తే సెన్సిటివిటీ, అంటే ఆ మార్పుకు సిగ్నల్ ఎంత కదులుతుందన్నది, చాలా బాగుంది. అసలు ప్రోటీన్ దగ్గరికి వచ్చేసరికి మిల్లీలీటరుకు 100 నానోగ్రాముల కన్నా కింద ఏమీ కనపడటం లేదు, అంటే డిటెక్షన్ లిమిట్ (పట్టుకోగల అతి తక్కువ గాఢత) అక్కడే ఆగింది. వంపు ఇంకా బిగించాలా? ఫైబర్‌ను సన్నగా లాగి టేపర్ చేయాలా? మీ అనుభవం చెప్పండి.

చెన్నై_ల్యాబ్
ప్రవల్లిక గారూ, వంపును ఇంకా బిగించకండి. వంపు దగ్గర కాంతి బయటి గోడను తాకే కోణం క్రిటికల్ కోణానికి దగ్గరవుతుంది, అందుకే ఎవనెసెంట్ ఫీల్డ్ (ఫైబర్ గోడ దాటి కొద్ది దూరమే పాకే కాంతి) బయటికి ఎక్కువగా వస్తుంది. ఢిల్లీ ఐఐటీలో బి.డి. గుప్తా గారి బృందం 1996లోనే యు ఆకారపు ప్రోబ్‌తో దీన్ని చూపించింది. 2009లో ఐఐటీ బాంబే వాళ్లు అదే వంపు మీద బంగారు నానోకణాలు పెట్టి బయోసెన్సర్ చేశారు. కానీ వంపు ఒక హద్దు దాటితే కాంతే కారిపోతుంది, డిటెక్టర్‌కు చేరేది తగ్గి నాయిస్ పైకొస్తుంది. ప్రోబ్ కూడా చేతిలోనే విరుగుతుంది.

అంతకంటే ముఖ్యమైన సంగతి ఒకటుంది. చక్కెర ద్రావణం ఫైబర్ చుట్టూ ఉన్న జాగా మొత్తాన్ని నింపుతుంది. ప్రోటీన్ అలా కాదు, ఉపరితలం మీద కొన్ని నానోమీటర్ల పొరగా మాత్రమే కూర్చుంటుంది. బంగారు ఫిల్మ్ మీద ఎస్‌పీఆర్ (సర్ఫేస్ ప్లాస్మన్ రెసొనెన్స్, కాంతికి లోహపు ఎలక్ట్రాన్లు కలిసి ఊగడం) ఫీల్డ్ సుమారు 200 నానోమీటర్ల దూరం పోతుంది, అందులో ఎక్కువ భాగం నీళ్లనే చూస్తుంది. నానోకణాల ఫీల్డ్ పదుల నానోమీటర్లలోనే అయిపోతుంది. అందువల్ల చక్కెరతో కొలిచిన సంఖ్యలో నానోకణాలు వెనకబడినట్టు కనిపించినా, ప్రోటీన్ పొర దగ్గర వాటికే మేలు ఉంటుంది. మీ పరిశోధన పత్రంలో ఆర్‌ఐయూకు (రిఫ్రాక్టివ్ ఇండెక్స్ యూనిట్‌కు) ఎన్ని నానోమీటర్లు అన్నదాన్ని పక్కన పెట్టి, పొరకు ఎంత సిగ్నల్ వస్తోందో రాయండి. పోటీ అంతా మొదటి సంఖ్య మీదే జరుగుతోంది, రోగికి పనికొచ్చేది రెండోది.

గ్రేటింగ్_మనిషి
నేను టిల్టెడ్ గ్రేటింగుల (ఫైబర్ కోర్‌లో ఏటవాలుగా రాసిన గీతల వరసల) మీద పని చేస్తాను. పైన చెప్పినదానికి ఒక మాట కలుపుతాను. సిగ్నల్ ఎంత జరుగుతోంది అనేది సగమే, ఆ డిప్ (స్పెక్ట్రంలో కాంతి తగ్గే గుంట) ఎంత సన్నగా ఉంది అనేది మిగతా సగం. మల్టీమోడ్ ఫైబర్‌లో ఎస్‌పీఆర్ డిప్ పదుల నానోమీటర్ల వెడల్పు ఉంటుంది, దాని అడుగు ఎక్కడుందో తేల్చడమే కష్టం. టిల్టెడ్ గ్రేటింగ్‌లో ఒక్కో క్లాడింగ్ మోడ్ (కోర్ చుట్టూ ఉన్న పొరలో నడిచే కాంతి) నానోమీటర్‌లో చిన్న భాగమంత సన్నగా ఉంటుంది. జరిగేది తక్కువే అయినా స్పష్టంగా కనిపిస్తుంది. లాంగ్ పీరియడ్ గ్రేటింగ్ (గీతల మధ్య ఎడం ఎక్కువున్నది) వాళ్లు డిస్పర్షన్ టర్నింగ్ పాయింట్ (స్పందన బాగా పెరిగే చోటు) దగ్గర పని చేసి సెన్సిటివిటీని బాగా పెంచుతారు, కానీ అక్కడ ఉష్ణోగ్రతకూ, వంపుకూ కూడా అంతే స్పందిస్తుంది.

ఉష్ణోగ్రత సంగతి చాలామంది పట్టించుకోరు. నీటి రిఫ్రాక్టివ్ ఇండెక్స్ ఒక్క డిగ్రీకి సుమారు 0.0001 తగ్గుతుంది. పది లక్షల్లో ఒక వంతు మార్పును కొలుస్తానని రాయాలంటే ద్రవం ఉష్ణోగ్రత డిగ్రీలో నూరో వంతు కూడా కదలకూడదు. ఏసీ ఆన్, ఆఫ్ అయినప్పుడల్లా మా బేస్‌లైన్ ఊగేది. మా గ్రేటింగ్‌లో కోర్ మోడ్ (కోర్ లోపలే నడిచే కాంతి) బయటి ద్రవాన్ని చూడదు, డిగ్రీకి సుమారు 10 పికోమీటర్లు మాత్రం జరుగుతుంది. దాన్ని తీసేస్తే ఉష్ణోగ్రత ప్రభావం చాలావరకు పోతుంది. మీ యు ప్రోబ్‌లో ఆ సౌకర్యం లేదు కాబట్టి పక్కనే రెండో ప్రోబ్ పెట్టండి. దాని మీద మీ యాంటీబాడీ బదులు ఎన్‌ఎస్1తో సంబంధం లేని యాంటీబాడీ ఉండాలి. రెండింటి తేడానే సిగ్నల్‌గా తీసుకోండి.

బయోటెక్_లక్ష్మి
నాకైతే చిక్కు కెమిస్ట్రీలోనే ఉందనిపిస్తోంది. ఆప్టెస్ (గాజుకు నానోకణాలను అతికించే సిలేన్ రసాయనం) ఎలా వేశారు? చెన్నై, విశాఖ లాంటి చోట్ల గాలిలో తేమ ఎక్కువగా ఉన్న రోజు ఆప్టెస్ ముందే నీటితో కలిసి, గడ్డలు గడ్డలుగా పలు పొరలై కూర్చుంటుంది. పైకి బాగానే అతుక్కున్నట్టు ఉంటుంది, కడిగేటప్పుడు ఊడుతూ ఉంటుంది. దానితో పాటు మీ నానోకణాలూ పోతాయి. నీరు తీసేసిన టోలుయిన్‌లో తక్కువ గాఢతతో వేసి, బాగా కడిగి, 110 డిగ్రీల దగ్గర ఓవెన్‌లో పెట్టి చూడండి.

తర్వాత యాంటీబాడీ. ఈడీసీ, ఎన్‌హెచ్‌ఎస్ అనే అతికించే రసాయనాలతో కట్టేస్తే అది ఏ వైపు తిరిగి కూర్చుంటుందో మన చేతిలో ఉండదు. పట్టుకునే చేతులు బంగారం వైపు తిరిగి ఉంటే ప్రోటీన్ వచ్చి తట్టినా లాభం లేదు. ప్రోటీన్-ఏ (యాంటీబాడీ తోకను పట్టే బ్యాక్టీరియా ప్రోటీన్) మీద నిలిపితే తోక కిందికి, చేతులు పైకి ఉంటాయి, అయితే అది అన్ని రకాల యాంటీబాడీలనూ ఒకేలా పట్టదు, మీ యాంటీబాడీ ఏ సబ్‌క్లాసో చూసుకోండి. యాంటీబాడీని కిక్కిరిసేలా పెట్టకండి, ప్రోటీన్ దూరేందుకు జాగా కావాలి.

పిరానాతో (సల్ఫ్యూరిక్ ఆమ్లం, హైడ్రోజన్ పెరాక్సైడ్ మిశ్రమంతో) శుభ్రం చేసేవాళ్లకు, హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంతో ఫైబర్‌ను కరిగించేవాళ్లకు ఒక మాట. పిరానా దగ్గరికి అసిటోన్ రానివ్వకండి, పేలుతుంది. హైడ్రోఫ్లోరిక్ వాడే గదిలో కాల్షియం గ్లూకోనేట్ జెల్ (ఆ ఆమ్లం ఒంటి మీద పడితే రాసే మందు) లేకపోతే ఆ రోజు పని మొదలుపెట్టనే వద్దు. ఒంటరిగా అసలే చేయకండి.

ప్రవల్లిక_ఫైబర్
లక్ష్మి గారూ, ఇథనాల్‌లో వేశాను, మా దగ్గర తేమ కూడా ఎక్కువే. టోలుయిన్‌తో చేసి చూస్తాను. ఇంకో ప్రశ్న. సీరమ్ పెట్టగానే సిగ్నల్ ఒక్కసారిగా లేస్తోంది, ఎన్‌ఎస్1 లేని సీరమ్‌లో కూడా. దీన్ని ఎలా వేరుచేస్తారు?

చెన్నై_ల్యాబ్
ఆ లేచే దాంట్లో పెద్ద భాగం సీరమ్ రిఫ్రాక్టివ్ ఇండెక్స్‌దే, బఫర్ కన్నా అది ఎక్కువ. సీరమ్‌లో ఉండగా రీడింగ్ తీసుకోకండి. ముందు పీబీఎస్ అనే ఉప్పు బఫర్‌లో ఒకటి, సీరమ్ అయ్యాక కడిగి మళ్లీ అదే పీబీఎస్‌లో ఒకటి. కడిగినా మిగిలేది అంటుకున్న ఇతర ప్రోటీన్లు. బీఎస్‌ఏ బ్లాకింగ్ (ఖాళీ చోట్లను ఆవు ఆల్బుమిన్‌తో ముందే నింపడం), బఫర్‌లో కాస్త ట్వీన్-20 (సబ్బులాంటి పదార్థం), సీరమ్‌ను పలచన చేయడం, ఈ మూడూ కలిపితే చాలావరకు తగ్గుతుంది.

లేబుల్ (గుర్తుగా తగిలించే కణం) లేకుండానే చేయాలన్న పట్టుదల లేకపోతే శాండ్‌విచ్ చేయండి. మామూలు యు ఫైబర్ మీద ఒక యాంటీబాడీ, ప్రోటీన్ పట్టాక రెండో యాంటీబాడీ కట్టిన బంగారు నానోకణాలు. ఒక్కో ప్రోటీన్‌తో పాటు ఒక్కో నానోకణం వచ్చి కూర్చుంటుంది, అది మింగే ఆకుపచ్చ కాంతి ప్రోటీన్ ఒక్కటే తెచ్చే మార్పు కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. ఐఐటీ మద్రాస్‌లో పీ-ఫ్యాబ్ (ప్లాస్మోనిక్ ఫైబర్ ఆప్టిక్ అబ్సార్బెన్స్ బయోసెన్సర్) అనేది ఇదే దారి. ఖరీదైన స్పెక్ట్రోమీటర్ కూడా అక్కర్లేదు, ఆకుపచ్చ ఎల్‌ఈడీ, ఫోటోడిటెక్టర్ చాలు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పెట్టగలిగేది ఇలాంటిదే అని నా గట్టి నమ్మకం.

ఇంటరాగేటర్
వంద స్పెక్ట్రాలు సగటు తీస్తే నాయిస్ పదో వంతుకు దిగుతుంది, కానీ ఎల్‌ఈడీ మెల్లగా వేడెక్కి జరిగే డ్రిఫ్ట్ దిగదు. కాంతిని రెండుగా చీల్చి ఒక పాయను నేరుగా రెండో డిటెక్టర్‌కు పంపి, నిష్పత్తి తీసుకోండి. ఇంకొకటి, నిలవ ద్రవంలో ప్రోబ్ ముంచి ఉంచితే దాని దగ్గరున్న ప్రోటీన్ అయిపోయి, దూరంగా ఉన్నది డిఫ్యూజన్‌తో నెమ్మదిగా రావాలి. తక్కువ గాఢతల్లో ఇదే ఎక్కువగా దెబ్బకొడుతుంది. ఫ్లో సెల్ పెట్టండి, కుదరకపోతే కనీసం కలియబెట్టండి.

ప్రవల్లిక_ఫైబర్
నిలవ ద్రవంలోనే చేస్తున్నాను. ముందు రెఫరెన్స్ ప్రోబ్, ఫ్లో సెల్ పెడతాను, తర్వాత శాండ్‌విచ్. లిమిట్ లెక్కకు ఒకే ప్రోబ్ మీద ఖాళీ బఫర్ రీడింగులు పదేపదే తీసుకుంటే సరిపోతుందా?

గ్రేటింగ్_మనిషి
సరిపోదండీ. అది పరికరం నాయిస్‌ను మాత్రమే చూపిస్తుంది. వేర్వేరు రోజుల్లో తయారైన వేర్వేరు ప్రోబులను, ఎన్‌ఎస్1 లేని సీరమ్‌లో, మొత్తం పద్ధతి నడిపి కొలవండి. వాటి స్టాండర్డ్ డీవియేషన్‌కు మూడు రెట్లు తీసుకోండి. సంఖ్య పెద్దదిగానే వస్తుంది, రివ్యూయర్ ఎవరైనా అడిగితే నిలబడేది మాత్రం అదే.