ఖాళీ దొరికింది, కుదురుగా కూర్చోవడమే చేతకావట్లేదు. ఎలా?

ఖాళీసాయంత్రం అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. ఈ మధ్య ఉద్యోగం మారాను. జీతం కాస్త తగ్గింది, పని గంటలు బాగా తగ్గాయి. కావాలని చేసిందే కాబట్టి ఆ బాధేమీ లేదు. ఇన్నేళ్ళూ టైమ్ ఉంటే ఎంత బాగుంటుందో అనుకుంటూనే బతికాను. తీరిగ్గా నడవాలి, ఒక పాట మొదలుపెడితే చివరిదాకా వినాలి, పిల్లాడు కబుర్లు చెబుతుంటే ఊరికే "ఊఁ" కొట్టకుండా నిజంగా వినాలి. ఇలాంటివే, పెద్ద కోరికలేం కావు. ఇప్పుడు రోజూ వెలుతురు ఉండగానే ఇంటికొస్తున్నాను. వచ్చి ఏం చేస్తున్నానయ్యా అంటే, ఏమీ చేయలేకపోతున్నాను.

ఫోన్ లోపలి గదిలో పెట్టేసి బాల్కనీలో కూర్చుంటాను. కాసేపటికే కాలు ఊగడం మొదలు. చెయ్యి తనంతట తనే జేబు తడుముకుంటుంది. ఆ బిల్లు కట్టానా? ఆ మెయిల్‌కి జవాబిచ్చానా? ఎదురుగా ఆకాశం రంగులు మారుతుంటుంది. బాగుందని తెలుస్తూనే ఉంటుంది కానీ, బాగున్నట్టు అనిపించదు. మా ఆవిడైతే "డాక్టరు ఎప్పుడు పిలుస్తాడా అని చూస్తున్న పేషెంటులా కూర్చున్నావేంటి" అంటోంది.

నెమ్మదించండి, చిన్న చిన్న ఆనందాలను ఆస్వాదించండి అని ఎక్కడ చూసినా రాస్తున్నారు. సరే, ఒప్పుకున్నాను. ఎలా చేయాలో ఒక్కరూ చెప్పరు. మీలో ఎవరికైనా ఇది అలవడిందా? ధ్యానం సలహా మాత్రం వద్దు. ప్రయత్నించాను, హాయిగా నిద్రపట్టింది.

---

వెనకబెంచి:

సైకాలజీ పాఠాలు చెప్పుకునే మనిషిని. ముందు ఒక ఊరట: మీలో తేడా ఏమీ లేదు. 2014లో టిమొతీ విల్సన్ అనే ఆయన బృందం కొంతమందిని ఖాళీ గదిలో, ఫోనూ పుస్తకమూ ఏదీ లేకుండా, పావుగంట ఒంటరిగా కూర్చోబెట్టింది. అక్కడ ఒక మీట ఉంటుంది. నొక్కితే చిన్న కరెంటు షాకు తగులుతుంది. ఆ షాకు ఎలా ఉంటుందో వాళ్ళకు ముందే చూపించారు. మళ్ళీ తగలకుండా ఉండాలంటే డబ్బులైనా ఇస్తామన్నవాళ్ళ లెక్కే చెబుతున్నాను: 18 మంది మగవాళ్ళలో 12 మంది, 24 మంది ఆడవాళ్ళలో ఆరుగురు, కనీసం ఒక్కసారైనా తమ చేత్తో తామే మీట నొక్కుకున్నారు. మీరు జేబు తడుముకోవడంతో సరిపెట్టారు, సంతోషించండి.

ఇక బాగుందని తెలిసీ బాగున్నట్టు అనిపించకపోవడం గురించి. 1978లో బ్రిక్‌మన్ అనే పరిశోధకుడు, ఆయన తోటివాళ్ళు లాటరీలో పెద్ద మొత్తాలు గెలిచిన 22 మందిని, ఏ లాటరీ తగలని మరో 22 మందిని పోల్చి చూశారు. స్నేహితుడితో మాట్లాడటం, ఒక జోకు వినడం, పత్రిక తిరగేయడం లాంటి మామూలు పనులు ఎంత సంతోషాన్నిస్తాయని అడిగితే, గెలిచినవాళ్ళే తక్కువ మార్కులు వేశారు. పెద్దదాని పక్కన పెడితే చిన్నవి వెలవెలబోతాయన్నమాట. చిన్న అధ్యయనమే, దాన్ని పట్టుకుని ఎక్కువ దూరం వెళ్ళకూడదు. కానీ మీ విషయంలో డెడ్‌లైన్ల హడావిడి కూడా అలాంటి పెద్ద మోతాదేనని నా అనుమానం. రోజంతా ఎక్కడో నిప్పంటుకున్నట్టు పరుగెత్తిన మనిషికి సాయంత్రపు ఆకాశం చాలదు. కొన్నాళ్ళు పడుతుంది, ఖంగారు పడకండి.

ఒక్క మాట మాత్రం సీరియస్‌గా. ఇదివరకు ఇష్టంగా చేసినవేవీ ఇప్పుడు రుచించకపోవడం, నిద్ర, ఆకలి మారిపోవడం, ఇలా రెండు వారాలకు మించి రోజూ ఉంటే అది కుదురు లేకపోవడం కాదు, డిప్రెషన్ కావచ్చు. అప్పుడు మాలాంటి వాళ్ళ రాతలు చదువుతూ కూర్చోకుండా డాక్టరును కలవండి. మీ రాతలో ఉన్న వెటకారం చూస్తే అలా అనిపించలేదు, అయినా చెప్పడం నా బాధ్యత.

---

అట్టముక్క:

బాబూ, నేను ప్రూఫ్‌రీడర్‌గా చేసి రిటైరయ్యాను. మీ తిప్పలు చదివి నవ్వొచ్చింది, ఎందుకంటే ఖాళీగా కూర్చోవడం అన్నిటికంటే కష్టమైన పని. మీరు తిన్నగా దాంతోనే మొదలుపెట్టారు. ఊరికే కూర్చోకండి. చేతులకు పని చెప్పండి, అదీ తొందరగా చేసినా లాభం లేని పని.

నా మట్టుకు నాకు ఆరిన బట్టలు తీయడం. ఇంట్లో ఎవరినీ ముట్టుకోనివ్వను, అది నా సొత్తు. తీగ మీది చొక్కాను చేత్తో పట్టుకుంటే వీపు భాగం ఎప్పుడో ఆరిపోయి పెళపెళలాడుతుంటుంది. కాలరు లోపలి మడత, చంకల కింద కుట్టు మాత్రం ఇంకా చల్లగా తగులుతాయి. గుడ్డ ఎన్ని పొరలుంటే ఆరడం అంత ఆలస్యం. అందుకని ఏది ఆరిందో కళ్ళతో తెలియదు, వేళ్ళతోనే తెలుస్తుంది. ఒక్కొక్క కుట్టూ నొక్కి చూసుకుంటూ పోతాను. తువ్వాళ్ళు ఎండకు బిరుసెక్కి ఉంటాయి, రెండు చేతులతో దులిపితే టప్‌మని చప్పుడు. ఆ ఎండ వాసన ముఖానికి కొడుతుంది. మేజోళ్ళు చివరికి, ఎందుకంటే వాటికి జత వెతకడం మరో ఆట. ఇదంతా చేస్తున్నప్పుడు నేను ఆనందిస్తున్నానా అని నన్ను నేను అడిగింది లేదు. ఆ ప్రశ్న వేసుకున్నారో, అంతా పోతుంది.

ఇంకో కిటుకు మా వృత్తిలోది. తప్పులు పట్టాలంటే కింది లైన్లు కనపడకుండా ఒక అట్టముక్క అడ్డం పెట్టుకుని చదివేవాళ్ళం. లేకపోతే కన్ను ముందుకు ఉరుకుతుంది, మెదడు అక్కడ లేని అక్షరాన్ని కూడా ఉన్నట్టే చదివేస్తుంది. అందరూ చేసేది అదే, రోజూ నడిచే దారిని చూడరు, గుర్తున్న దాన్నే మళ్ళీ చదువుకుంటూ పోతారు. అట్ట అడ్డం పెట్టండి. అంటే, ఈ పూట నడకలో తల ఎత్తితే కనిపించేవి మాత్రమే చూస్తాను, మిగతావి నాకు పట్టవు అనుకోండి. పిట్టగోడలు, పైఅంతస్తు కిటికీలు, తీగల మీద కాకులు. రేపు చప్పుళ్ళు మాత్రమే. ఎల్లుండి వాసనలు. అన్నీ ఒకేసారి ఆస్వాదించాలని కూర్చుంటే ఏదీ పట్టుబడదు.

వాసనలంటే గుర్తొచ్చింది. ఎండిన నేల మీద వాన పడ్డప్పటి వాసనకు కారణమేమిటని 1964లో ఆస్ట్రేలియాలో ఇద్దరు శాస్త్రవేత్తలు వెతికి నేచర్ పత్రికలో రాశారు. వాళ్ళు చెప్పింది ఎండలో మట్టికీ రాళ్ళకూ పట్టుకుని ఉన్న నూనెల్లాంటి పదార్థాల గురించి. నేలలోని సూక్ష్మజీవులు తయారుచేసే జియోస్మిన్ అనే పదార్థం పాత్ర కూడా ఉందని తర్వాత తేలింది. ఈ జియోస్మిన్‌ను మన ముక్కు ట్రిలియన్ (అంటే లక్ష కోట్ల) భాగాల్లో కొన్ని ఉన్నా పసిగడుతుందట. ఇంకా తమాషా ఏమిటంటే, చినుకు నేలను తాకగానే దాని కింద చిక్కుకున్న గాలి బుడగలై పైకొచ్చి చిట్లి, ఆ వాసనను సన్నటి తుంపరగా గాల్లోకి విసురుతుందని 2015లో హైస్పీడ్ కెమెరాలతో పట్టుకున్నారు. కుండపోతలో కంటే తేలికపాటి వానలో ఇది ఎక్కువట. అందుకే నేను మొదటి చినుకులకే బయటికి పరుగెడతాను. అదొక్కటే నేను పరుగెత్తి చేసే పని.

---

గడియపెట్టుకున్నా:

ఏమీ అనుకోకండి, కాస్త ఘాటుగానే రాస్తాను. ఇంట్లో రెండేళ్ళ పాప, మంచం పట్టిన అత్తగారు. "నెమ్మదించండి" అనే మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. నేను నెమ్మదిస్తే ఎవరికో ఒకరికి తిండి ఆలస్యమవుతుంది. బాల్కనీలో కూర్చుని బోర్ కొడుతోందనేవాళ్ళను చూస్తే నిజంగా ఏడవాలో నవ్వాలో తెలియదు. బాత్‌రూమ్ తలుపుకు గడియ పెట్టుకునే ఆ కాసేపే నా ఖాళీ. అప్పుడు కూడా తలుపు కింద సందులోంచి చిన్న వేళ్ళు కనిపిస్తుంటాయి.

అయినా అట్టముక్క గారు చెప్పిన దాంట్లో ఒకటి నాకు తగిలింది, చేతి పని సంగతి. రోజంతా పరుగే కానీ అత్తయ్యకు తల దువ్వేటప్పుడు మాత్రం తొందరపడటం కుదరదు. జుట్టు పలచబడిపోయింది, గట్టిగా లాగితే కుదుళ్ళు నొప్పి. అందుకని కుదురు దగ్గర ఎడమచేత్తో పట్టుకుని, కొస నుంచి చిక్కు తీసుకుంటూ పైకి రావాలి. సగం అయ్యేసరికి ఆవిడ మెడ బిగువు వదులుతుంది, నా అరచేతిలోకి తల బరువు వస్తుంది. ఆ బరువు తెలియగానే నా భుజాలు కూడా దిగుతాయి. అది ఆనందమా అంటే ఏమో. మిగతా రోజంతటికంటే అది బాగుంటుందని మాత్రం తెలుసు. దానికి నేను విడిగా టైమ్ తీయలేదు, చేయక తప్పని పనుల్లో అదీ ఒకటి. అందుకని ఖాళీ ఉంటేనే ఇవన్నీ అనడం నాకు నచ్చదు.

ఇంకో మాట అడుగుతాను. పిల్లాడి కబుర్లు వినాలని ఉందని మీరే రాశారు కదా. మరి బాల్కనీలో ఒక్కరే ఎందుకు కూర్చుంటున్నారు?

---

జూమ్‌చేసిచూడు:

అట్టముక్క గారి అట్ట సలహాకు నాదొక తోక. ఆకాశం బాగుందనిపించగానే ఫోన్ తెచ్చి ఫోటో తీయకండి అంటారు చాలామంది. సగమే నిజం. లిండా హెంకెల్ అనే ఆవిడ 2014లో రాసిన ప్రయోగంలో, మ్యూజియంలో ఫోటో తీసిన వస్తువులు ఊరికే చూసినవాటి కంటే తక్కువ గుర్తున్నాయి. కానీ ఏదో ఒక భాగాన్ని దగ్గరికి లాగి తీసినవాళ్ళకు ఆ నష్టం లేదు. నేను మొక్కలకు అలాగే తీస్తాను, ఆకు ఈనె దగ్గర, పురుగు తిన్న అంచు దగ్గర. గ్యాలరీ నిండా పనికిరాని ఫోటోలే, కానీ చూడటం మాత్రం వచ్చింది.

---

ఖాళీసాయంత్రం:

గడియ గారూ, మీ చివరి ప్రశ్నకు ఆ రోజు జవాబు దొరకలేదు, అందుకే ఆలస్యంగా రాస్తున్నాను. మావాణ్ణి తీసుకుని వీధి చివరిదాకా వెళ్ళొచ్చాను. వెళ్ళాను అనడం కంటే వాడు తీసుకెళ్ళాడనాలి. ప్రతి గేటు దగ్గరా ఆగి గొళ్ళెం ఒకసారి కదిపి చూస్తాడు. ఏది ఎలా మోగుతుందో వాడికి లెక్కుంది. తుప్పు పట్టింది "కిర్రు", కొత్తగా రంగు వేసింది "టక్కు", ఒకటైతే అసలు మోగదు, దాని మీద వాడికి కోపం. ఆ మోగని గొళ్ళెం దగ్గర నన్ను కూడా కదిపి చూడమన్నాడు. కదిపాను. మోగలేదు. ఇద్దరం కాసేపు దాని గురించి మాట్లాడుకున్నాం. కాలు ఊగలేదు, జేబు గుర్తు రాలేదు.

మర్నాడు మాత్రం సగం దారిలోనే "పద పద" అనేశాను. నోరు ఊరుకోదు. అట్టముక్క గారి పద్ధతి వాడికి పుట్టుకతోనే వచ్చినట్టుంది, ఒక్క గొళ్ళేలు తప్ప ఇంకేమీ చూడడు.

వెనకబెంచి గారికి ఒక ప్రశ్న. పాట చివరిదాకా వినాలని రాశాను కదా. వాడితో ఉంటే ఏదీ చివరిదాకా సాగదు. ప్రతి రెండు నిమిషాలకూ ఏదో ఒకటి అడుగుతాడు. ఇలా ముక్కలు ముక్కలుగా వింటే ఇక ఆస్వాదించేది ఏముంటుంది?

---

వెనకబెంచి:

మీరు అనుకున్నదానికి తలకిందులుగా ఉంటుంది జవాబు. నెల్సన్, మేవిస్ అనే ఇద్దరు 2008లో సరిగ్గా దీన్నే పరీక్షించారు. మసాజ్ లాంటి హాయి కలిగించేవాటిని మధ్యలో కాసేపు ఆపి మళ్ళీ మొదలుపెడితే, ఆపకుండా అనుభవించిన వాళ్ళకంటే ఆపినవాళ్ళకే ఎక్కువ నచ్చింది. ముందుగా అడిగితే మాత్రం ఆపొద్దనే అంటారు చాలామంది. కారణం అలవాటు పడిపోవడమే. హాయి ఏకధాటిగా సాగితే మనసు దాన్ని లెక్కలోంచి తీసేస్తుంది, మధ్యలో ఆగితే మళ్ళీ కొత్తగా తగులుతుంది. చిరాకు కలిగించేవాటికి ఇది తిరగబడుతుంది. వాక్యూమ్ క్లీనర్ మోత లాంటివి ఆపి ఆపి భరించడం కంటే ఏకబిగిన కానిచ్చేయడమే నయం. మనం చేసేది సరిగ్గా దానికి ఉల్టా, నచ్చని పనికి పదిసార్లు బ్రేక్ తీసుకుంటాం.

కాబట్టి వాడు అడిగినప్పుడు పాట ఆపండి. తగ్గించడం కాదు, పూర్తిగా ఆపి, జవాబు చెప్పి, మళ్ళీ పెట్టండి. సౌండ్ తగ్గించి సగం వాడికీ సగం పాటకీ చెవి ఇస్తే రెండూ పోతాయి.

---

గడియపెట్టుకున్నా:

ఆ మోగని గొళ్ళేనికి రెండు చుక్కలు నూనె వేసి చూడండి. లోపల బిగుసుకుపోయి ఉంటుంది. పిల్లాడి చేతే వేయించండి, మీరు ముందే వేసి పెట్టకండి. ఆ ఇంటివాళ్ళను ఒకసారి అడిగి మరీ వేయండి సుమా.