జెల్లీఫిష్ నెబ్యులా, షార్ప్‌లెస్ 249: రెండూ ఒకే ఫ్రేములో

మేడమీద_దుర్భిణి: మిథున రాశిలో ఐసీ 443 (జెల్లీఫిష్ నెబ్యులా), పక్కనున్న షార్ప్‌లెస్ 249, ఈ రెండు వాయు మేఘాలను కలిపి ఫోటో తీయాలి. 250 మి.మీ. లెన్స్, మామూలు డీఎస్ఎల్ఆర్ ఉన్నాయి. ఉండేది హైదరాబాద్. ఏ ఫిల్టర్ కొనాలి? ఒక్కో ఎక్స్‌పోజర్ ఎంతసేపు ఇవ్వాలి?

చుక్కలవేట: సెన్సర్ ముందున్న ఫిల్టర్ గాజు హైడ్రోజన్‌దైన 656 నానోమీటర్ల ఎరుపును చాలావరకు మింగేస్తుంది. ముందు దాన్ని తీయించండి. నాది తీయించిన రాత్రే జెల్లీఫిష్ అంచు, నూలుపోగులు విడదీసినట్లు, తెర మీదికి వచ్చింది!

నిశాచరి: తీయించక్కర్లేదు, ఊరు దాటి వెళ్లండి. మార్గశిర పౌర్ణమికి మాత్రం వద్దు, చంద్రుడు ఆ చుట్టుపక్కలే తిరుగుతుంటాడు.

మేడమీద_దుర్భిణి: కారు లేదండీ. హైడ్రోజన్, ఆక్సిజన్ రెండింటి వెలుగునే లోపలికి రానిచ్చే ఫిల్టర్ సరిపోదా?

వర్ణపటం: సరిపోదు. పదిహేనేళ్లుగా ఇదే పని చేస్తున్నాను, వినండి. 249 వేడి నక్షత్రాల అతినీలలోహిత కాంతికి వెలుగుతోంది. 443 పేలిపోయిన నక్షత్రపు శేషం, ఆఘాత తరంగం తాకి వేడెక్కిన వాయువు. అక్కడ హైడ్రోజన్ వెలుగులో 0.4 వంతుకు మించి సల్ఫర్ వెలుగు ఉంటుంది. 672 నానోమీటర్ల దగ్గర ఆ సల్ఫర్ వెలుగును విడిగా ఫోటో తీయకపోతే రెండూ ఒకే ఎర్ర మరక.

చుక్కలవేట: కొత్తగా మొదలుపెట్టిన మనిషికి పరిశోధన పత్రం చదివి వినిపిస్తున్నారు. అయినా హైడ్రోజన్‌దీ ఎరుపే, సల్ఫర్‌దీ ఎరుపే కదా, మీరు ఇదివరకు పెట్టిన ఫోటోలో ఆ బంగారు రంగు ఎక్కడిది?

వర్ణపటం: మూడు వాయువులకు మూడు రంగులు కేటాయించాం. హబుల్ చిత్రాలకూ అంతే. అదేమైనా దొంగతనమా?

చుక్కలవేట: దొంగతనం అనలేదు. ఫోటో కింద ఆ మాట రాయరేం అంటున్నాను.

వర్ణపటం: రాశాను. చదివే ఓపిక ఉండాలి.

నిశాచరి: ఇద్దరూ ఆపండి. ఆ పక్కనే ఉండే మిథునపు ఈటా, మ్యూ నక్షత్రాలు రెండూ ఎర్ర దిగ్గజాలే, చవక ఫిల్టర్ పెడితే చుట్టూ ఇంతింత వలయాలు వస్తాయి. నన్ను ఏడిపించింది ఆ వలయాలే.

నీళ్లట్యాంకు: మీకు వలయాలు, నాకు ధ్రువ నక్షత్రమే కనిపించదు. మన దగ్గర అది 17 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది, ఎదుటి అపార్ట్‌మెంట్ దాన్ని పూర్తిగా కప్పేసింది. ఆకాశంతో పాటు కెమెరాను తిప్పే మౌంట్‌ను ధ్రువం వైపు సరిచేయడం ఎలా?

చుక్కలవేట: ధ్రువం అక్కర్లేదు. దక్షిణాన ఒక నక్షత్రం, తూర్పున ఒకటి పట్టుకుని అవి పక్కకు జరిగే తీరు చూసి సరిదిద్దుకోవచ్చు. ఓపిక కావాలి, అంతే.

మేడమీద_దుర్భిణి: ఎక్స్‌పోజర్ సంగతి ఎవరూ చెప్పలేదు...

నిశాచరి: మౌంట్ ఏది? అది చెబితే కదా!