కాంటనీస్ వారు ఇంగ్లిషులో ఒక మాటను ఎలా నొక్కి చెబుతారు?

ప్రశ్న:
హాంగ్‌కాంగ్ వచ్చి ఏడు నెలలైంది. క్వున్ టాంగ్‌లో ఒక గోదాము లెక్కలు చూస్తాను. మా సూపర్‌వైజరు కాంటనీస్ (ఇక్కడి చైనీస్ భాష) మాట్లాడే ఆవిడ. మొన్న సరుకు గురువారం వస్తుందని నేను రాస్తే, కాదు, మంగళవారం వస్తుందని ఇంగ్లిషులో సరిదిద్దారు. ఆ వారం పేరు దగ్గర గొంతు లేచి, తర్వాత దిగుతుందని ఎదురుచూశాను. దిగలేదు. వాక్యం చివరిదాకా అన్ని మాటలూ సమానంగానే వినిపించాయి. మళ్లీ అడిగితే ఆవిడ నొచ్చుకున్నారు. నేను ఏం వినాలి?

జవాబు 1:
గొంతు ఎత్తును పక్కనపెట్టి, నిడివి వినండి. నేను షామ్ షుయి పోలో పదకొండేళ్లుగా ఉంటున్నాను. ఈ తికమక నేనూ పడ్డాను.

కాంటనీస్‌లో గొంతు ఎత్తుపల్లాలు ఆరు రకాలు. ‘సీ’ని పై గొంతులో నిలిపితే కవిత, పైకి లాగితే చరిత్ర, కిందికి దించితే కాలం. మాట అర్థమే ఎత్తు మీద ఆధారపడినప్పుడు, నొక్కి చెప్పడానికి దాన్ని ఇష్టం వచ్చినట్టు కదిలించడం కుదరదు. అందుకే వాళ్లకు వాక్యం చివర పలికే చిన్న మాటలున్నాయి. ‘జె’ చేరిస్తే ‘అంతే కదా’ అని తేల్చేయడం, ‘మే’ చేరిస్తే నమ్మలేక అడగడం. ‘నేనే చెప్పాను’ అనడానికి ‘నేను’ ముందు ‘హై’ అనే మాట పెడతారు. మనం ‘ఏ’ తగిలించి సరిపెట్టుకున్నట్టే.

ఇంగ్లిషులో ఆ ఆసరా దొరకదు. ముఖ్యమైన అక్షరాన్ని సాగదీస్తారు, కాస్త గట్టిగా అంటారు. ఇంగ్లిషు మాతృభాషగా ఉన్నవారు నొక్కిన మాట తర్వాత గొంతు దించేస్తారు. కాంటనీస్‌లో ఆ దింపుడు లేదు, ఆ అలవాటే ఇంగ్లిషులోకీ వస్తుంది. మీరు ఎదురుచూసింది దాని కోసమే.

జవాబు 2:
దుకాణానికి వాళ్లు వాడే మాట చూడండి, ఇంకా బాగా తెలుస్తుంది. ‘స్టోర్’ వాళ్ల నోట ‘సీ దో’ అయింది: ‘సీ’ కింది గొంతులో, ‘దో’ పై గొంతులో. ఇంగ్లిషులో ఊనిక ఉన్న అక్షరానికి పై గొంతును శాశ్వతంగా ఇచ్చేశారు. వాళ్లు మాట్లాడే ఇంగ్లిషులోనూ చాలా మాటలకు ఎత్తు ఇలా ముందే ఖాయమై ఉంటుంది. అది కోపమూ కాదు, విసుగూ కాదు. దయచేసి అలా అనుకోకండి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలండి. ఈ ఉదయం ఆవిడ పెట్టెలు లెక్క చెబుతూ ‘సిక్స్‌టీన్’ అన్నారు. ‘టీన్’ బాగా సాగింది. అరవై కాదని తెలిసి, అడగకుండానే పదహారు రాసుకున్నాను.