పరికరం నిర్దోషి, వాడినవాడిదే బాధ్యత అన్న నా వాదనలో లోపం ఎక్కడుంది?

మూడో_ఏడాది (ప్రశ్న వేసినవారు)

నేను కంప్యూటర్ సైన్స్ మూడో సంవత్సరం చదువుతున్నాను. సాంకేతికతకు తనదంటూ మంచీ చెడూ ఉండవని, కత్తితో కూరగాయలు తరగవచ్చు, గొంతూ కోయవచ్చు కనుక తప్పొప్పులు పట్టుకున్న చేతివే తప్ప కత్తివి కావని ఈ మధ్య వరకూ గట్టిగా నమ్మాను. తరగతి సెమినార్‌లో ఈ మాటే పావుగంట సేపు చెప్పి చప్పట్లు కూడా కొట్టించుకున్నాను. ఆ తర్వాత జరిగిన ఒక చిన్న విషయం నన్ను ఇబ్బంది పెడుతోంది.

మేం నలుగురం కలిసి ముఖాన్ని గుర్తించి హాజరు వేసే వ్యవస్థను ప్రాజెక్ట్‌గా చేశాం. అది ప్రతి ముఖాన్నీ 128 సంఖ్యల వరుసగా మారుస్తుంది; ముందే నమోదైన వరుసకూ దీనికీ మధ్య దూరం లెక్కగట్టి, ఆ దూరం ఒక హద్దు లోపల ఉంటే ‘ఈ మనిషే’ అని తేలుస్తుంది. మేం వాడిన లైబ్రరీ, అంటే వేరేవాళ్లు ముందే రాసిపెట్టిన కోడ్, ఆ హద్దును 0.6గా పెట్టి ఇస్తుంది. ప్రదర్శనకు ముందు రోజు రాత్రి పరీక్షిస్తే, తరగతిలో ఉన్న కవల సోదరుల్లో ఒకరు వస్తే ఇంకొకరికి హాజరు పడింది. పొద్దున అందరి ముందు ఇలాగే జరిగితే పరువు పోతుందని 0.6 తీసి 0.5 పెట్టాను. కవలల సమస్య తీరింది, ప్రదర్శన బాగా జరిగింది, విభాగం వారు దాన్ని రెండు వారాల పాటు మా తరగతిలోనే ప్రయోగాత్మకంగా నడిపారు.

ఆ రెండు వారాల్లో పదకొండు తరగతులు జరిగితే, వెనక వరుసలో సరిగ్గా వెలగని ట్యూబ్‌లైట్ కింద కూర్చునే మిత్రుడికి ఏడు గైర్హాజర్లు పడ్డాయి. అతను వచ్చి అడిగినప్పుడు నేను లాగ్, అంటే వ్యవస్థ తనకు తాను రాసుకునే నమోదు, తెరిచి చూపించి, కంప్యూటర్‌కు నీ మీద కక్షేమీ లేదు కదా అన్నాను. అతను కోప్పడలేదు. “రోజూ నీ వెనకే కూర్చున్నాను కదా, నువ్వు చూడలేదా?” అని మాత్రం అడిగాడు. చూశాను. పెన్ను కూడా అరువు తీసుకున్నాను. అయినా లాగ్‌నే నమ్మాను.

ఇందులో తప్పు ఎవరిది? 0.6 పెట్టి ఇచ్చిన లైబ్రరీదా, 0.5 చేసిన నాదా, పరీక్షించకుండా వాడిన విభాగానిదా? పరికరం నిర్దోషి అన్న నా వాదన నిజమేనా, లేక తయారుచేసేవాళ్లం మా సౌకర్యం కోసం చెప్పుకునే మాటా?

వైద్యయంత్రాల_కోడ్

పన్నెండేళ్లుగా ఆసుపత్రి పరికరాలకు సాఫ్ట్‌వేర్ రాస్తున్నాను. మీ కత్తి పోలిక ఇక్కడ చెల్లదు, ఎందుకంటే కత్తిలో ముందే పెట్టిన అంకెలు ఉండవు. ఇద్దరిని ఒకరిగా పొరబడే తప్పు కంటే, ఉన్నవాడిని లేడనే తప్పే నయమని మీరు ఆ రాత్రి తీర్పు చెప్పారు. మొదటి తప్పు జరిగితే నవ్వులపాలయ్యేది మీరు. రెండోదాని నష్టం మోసేది మీ మిత్రుడు. ఆ తీర్పు 0.5 రూపంలో కోడ్‌లో ఒక వరుసగా మిగిలింది కనుక అది తీర్పులా కనబడటం లేదు.

మా రంగంలోకి కొత్తగా వచ్చినవారికి మేం చెప్పే మొదటి కథ థెరాక్-25 అనే రేడియేషన్ చికిత్స యంత్రానిది. కెనడా ప్రభుత్వరంగ సంస్థ ఏఈసీఎల్ తయారుచేసిన ఈ యంత్రం 1985 జూన్ నుంచి 1987 జనవరి మధ్య ఆరుగురు రోగులకు అవసరమైన దాని కంటే ఎన్నో రెట్లు ఎక్కువ రేడియేషన్ ఇచ్చింది. వారిలో కనీసం ముగ్గురు ఆ కారణంగానే చనిపోయారు. 1986 మార్చిలో టెక్సాస్ రాష్ట్రంలోని టైలర్‌లో ఏం జరిగిందో కొంచెం దగ్గరగా చూడండి. ఆపరేటర్ ఎలక్ట్రాన్ చికిత్సకు ‘ఇ’ కొట్టవలసిన చోట అలవాటుగా ఎక్స్‌రేకు కొట్టే ‘ఎక్స్’ కొట్టి, వెంటనే వెనక్కి వెళ్లి దిద్దారు. యంత్రంలోని అయస్కాంతాలు కుదురుకోవడానికి సుమారు ఎనిమిది సెకన్లు పడుతుంది, ఆ లోపల దిద్దుబాటు ముగిసిపోతే ప్రోగ్రామ్‌లో ఒక భాగానికి ఆ సంగతి తెలిసేది కాదు. తెర మీద ‘మాల్‌ఫంక్షన్ 54’ (లోపం 54) అని వచ్చింది. పడవలసిన డోసులో కొద్ది భాగమే పడిందని కూడా యంత్రం చూపించింది. అటువంటి సందేశాలు రోజూ వచ్చేవే కనుక ఆపరేటర్ కొనసాగించే మీట నొక్కారు. లోపల రోగి బాధతో లేవబోతున్నాడు. అతణ్ణి చూపించవలసిన వీడియో తెరకు ఆ రోజు తీగ తగిలించలేదు, మాట వినిపించవలసిన ఇంటర్‌కమ్ చెడిపోయి ఉంది.

దీనికి ముందు నమూనా అయిన థెరాక్-20లోనూ ఇదే లోపం ఉండేది. అయితే అందులో సాఫ్ట్‌వేర్‌తో సంబంధం లేని విద్యుత్ రక్షణలు విడిగా ఉండటం వల్ల ఫ్యూజు పోయేదే తప్ప రోగికి ఏమీ అయ్యేది కాదు. కొత్త యంత్రంలో సాఫ్ట్‌వేర్ చూసుకుంటుందన్న నమ్మకంతో ఆ రక్షణలను తీసేశారు.

నా మట్టుకు అసలు పాఠం ప్రోగ్రామ్‌లోని ఆ తప్పు (బగ్) కాదు, దాని తర్వాత జరిగింది. రోగులు కాలిందని చెప్పినప్పుడల్లా, అధిక డోసు పడే అవకాశమే లేదన్నది సంస్థ సమాధానం. నెల తిరగకుండా అదే ఆసుపత్రిలో రెండో రోగికి అదే జరిగాక, అక్కడి భౌతికశాస్త్రవేత్త ఫ్రిట్జ్ హేగర్, ఆ ఆపరేటర్ కలిసి కూర్చుని, మీటలు మళ్లీ మళ్లీ కొడుతూ ఆ సందేశాన్ని కావాలన్నప్పుడల్లా రప్పించగలిగారు. సంస్థ ఇంజినీర్లకు అది దొరకలేదు, ఎందుకంటే వారు మెల్లగా టైపు చేసేవారు. చేయి తిరిగిన ఆపరేటర్ వేగానికే బయటపడే తప్పు అది. మీ మిత్రుడికి మీరు లాగ్ చూపించారు కదా, సంస్థ వారూ అటువంటి పనే చేశారు.

గట్టున_ఉన్నవాడు

రేడియేషన్‌తో మనుషులు చనిపోయిన ఉదంతాన్ని తెచ్చి విద్యార్థి ప్రాజెక్ట్ పక్కన పెట్టడం నాకు అతిగా అనిపిస్తోంది. పేర్లు పిలిచి హాజరు వేసే అధ్యాపకులు పొరబడరా? ఒకరికి బదులు ఇంకొకరు పలకడం ఏ తరగతిలో లేదు? మనిషి చేసే తప్పులకు అలవాటుపడిన మనం, యంత్రం చేసే తప్పులకు మాత్రం తాత్త్విక విచారణ మొదలుపెడతాం. ప్రతి అంకె వెనకా నైతిక ప్రశ్న వెతుక్కుంటూ కూర్చుంటే ఎవరూ ఏదీ తయారుచేయలేరు. 0.5ను 0.55 చేయండి, ట్యూబ్‌లైట్ మార్చమనండి, పని అయిపోతుంది.

న్యాయశాస్త్ర_విద్యార్థిని

ట్యూబ్‌లైట్ మార్చమనడంతో నాకు పేచీ లేదు, నిజానికి అందరికంటే ముందు ఆ మాట చెప్పినందుకు మెచ్చుకోవాలి. కానీ అధ్యాపకుల పొరపాటుకూ యంత్రం పొరపాటుకూ తేడా తప్పుల సంఖ్యలో లేదు. పేరు పిలిచినప్పుడు పలుకు వినబడకపోతే “సార్, ఉన్నాను” అని చేయెత్తితే సరిపోతుంది. ఈ ప్రాజెక్ట్‌లో చేయెత్తే చోటు ఎక్కడుంది? ఉన్నానని నిరూపించుకునే పని విద్యార్థి నెత్తిన పడింది, సాక్ష్యంగా చూపించిన లాగ్ అవతలి పక్షం చేతిలో ఉంది.

ఇది చిన్న తేడా కాదనడానికి బ్రిటన్ పోస్టాఫీసుల హొరైజన్ ఉదంతమే చాలు. 1999 నుంచి అక్కడి పోస్టాఫీసు శాఖల్లో ఫుజిత్సు అనే జపాన్ సంస్థ వారి హొరైజన్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ పెట్టారు. శాఖలు నడిపే సబ్‌పోస్ట్‌మాస్టర్ల లెక్కల్లో, లేని లోటు కనబడటం మొదలైంది. సహాయం కోసం ఫోన్ చేసినవారిలో చాలామందికి, ఈ ఇబ్బంది మీ ఒక్కరికే ఉందన్న జవాబు వచ్చిందని తర్వాత వారు వాంగ్మూలాలిచ్చారు. 2015 వరకు 900 మందికి పైగా దొంగతనం, తప్పుడు లెక్కల వంటి నేరాల కింద శిక్షలు పడ్డాయి. కొందరు జైలుకు వెళ్లారు, కొందరు ఇళ్లు అమ్ముకుని లేని లోటును పూడ్చారు. సాఫ్ట్‌వేర్‌లో లోపాలున్నాయని హైకోర్టు తేల్చింది 2019 డిసెంబరులో. ఆ శిక్షలను మూకుమ్మడిగా రద్దు చేస్తూ పార్లమెంటు చట్టం చేసింది 2024లో.

నన్ను వెంటాడేది ఇందులోని న్యాయసూత్రం. ఇంగ్లండ్‌లో 1984 నాటి సాక్ష్యాల చట్టం, కంప్యూటర్ ఇచ్చిన కాగితాన్ని సాక్ష్యంగా పెట్టాలంటే ఆ కంప్యూటర్ సరిగా పనిచేస్తోందని ముందు చూపించమనేది. ఆ నిబంధన తలకు మించిన భారమని 1999లో తెచ్చిన చట్టంతో తీసేశారు. ఆ తర్వాత, లోపం ఉందని ఎవరైనా చూపించేదాకా కంప్యూటర్ సరిగానే ఉన్నట్టు లెక్క. లోపాన్ని చూపించడానికి కావలసిన సమాచారమంతా సాఫ్ట్‌వేర్ నడిపేవారి దగ్గరే ఉన్నప్పుడు, దుకాణంలో కౌంటరు వెనక నిలబడిన మనిషి దాన్ని ఎలా చూపించగలరు? పరికరం నిర్దోషి అన్న మాట అక్కడ తత్త్వంగా మిగలలేదు, ఆచరణలో మనిషే దోషి అన్న నిబంధనగా మారింది. ప్రశ్న వేసిన వారు “కంప్యూటర్‌కు నీ మీద కక్షేమీ లేదు” అన్నప్పుడు తెలియకుండానే ఆ న్యాయసూత్రాన్నే వల్లించారు.

రసాయనం_మాస్టారు

చర్చ బాగుంది కానీ, తయారుచేసినవాడే అన్నింటికీ బాధ్యుడు అన్న వైపుకు మరీ ఒరిగిపోతోందని నా అనుమానం. మా శాస్త్రం నుంచి ఒకే మనిషి చేసిన రెండు పనులు చెబుతాను.

థామస్ మిడ్‌గ్లీ అనే అమెరికన్ 1921లో పెట్రోల్‌లో టెట్రాఇథైల్ లెడ్ అనే సీసపు పదార్థం కలిపితే ఇంజిన్ తట్టుడు (లోపల ఇంధనం సరిగా మండక వచ్చే టకటక చప్పుడు) ఆగుతుందని కనుక్కున్నాడు. సీసం విషమని అప్పటికి శతాబ్దాలుగా తెలుసు, పైగా అతనే సీసం వల్ల జబ్బుపడి కొంతకాలం విశ్రాంతి తీసుకున్నాడు. 1924లో ఆ పదార్థం తయారీలో కార్మికులు చనిపోయినప్పుడు, విలేఖరుల ముందు దాన్ని చేతుల మీద పోసుకుని, ప్రమాదమేమీ లేదని చూపించాడు. తర్వాత 1928లో అదే మిడ్‌గ్లీ బృందం సీఎఫ్‌సీ వాయువులను తయారుచేసింది. అప్పటి ఫ్రిజ్‌లలో వాడే అమ్మోనియా, సల్ఫర్ డయాక్సైడ్, మిథైల్ క్లోరైడ్ కారితే మనుషులకు ప్రమాదం కనుక, విషం కాని, మండని వాయువు కావాలన్న మంచి ఉద్దేశంతోనే చేశారు. 1930లో అతను దాన్ని గుండెల నిండా పీల్చి, కొవ్వొత్తి మీదికి వదిలి ఆర్పి చూపించాడు. ఆ ప్రదర్శన నిజాయితీ గలదే. ఆ వాయువులు ఓజోన్ పొరను తినేస్తాయని మొలీనా, రోలండ్ అనే శాస్త్రవేత్తలు చెప్పింది 1974లో. మిడ్‌గ్లీ 1944లోనే పోయాడు.

రెండు పనులూ లోకానికి హాని చేశాయి. మొదటిదానికి అతణ్ణి నిలదీస్తాను, రెండోదానికి నిలదీయలేను. మొదటిదాంట్లో చెప్పేవాళ్లు ఉన్నారు, వినలేదు. రెండోదాంట్లో అప్పటికి చెప్పగలిగినవాళ్లే లేరు.

ఓజోన్ కథలో మీ లాగ్‌కు దగ్గరి చుట్టం ఒకటి ఉంది. అంటార్కిటికా మీద ఓజోన్ బాగా పడిపోయిందని బ్రిటిష్ పరిశోధకులు నేల మీది పరికరంతో కొలిచి 1985లో ప్రకటించారు. అప్పటికి నాసా ఉపగ్రహం కూడా అవే తక్కువ విలువలను కొలుస్తూనే ఉంది. కంప్యూటర్ వాటిని పారేసిందని చాలామంది చెప్పుకుంటారు కానీ అది సరికాదు. నమ్మశక్యం కానంత తక్కువగా ఉన్నాయని వాటికి అనుమానపు గుర్తు వేసి పక్కన పెట్టింది. పారేయకుండా ఉంచడం వల్లే తర్వాత తీసి చూడగలిగారు, అంటార్కిటికా అంతటా ఎంత మేర లోటుందో పటం గీయగలిగారు. ఆ వాయువులను అదుపు చేసే మాంట్రియల్ అంతర్జాతీయ ఒప్పందం 1987లో కుదిరింది.

మూడో_ఏడాది (ప్రశ్న వేసినవారు)

అందరికీ కృతజ్ఞతలు. నిన్న సాయంత్రం లాగ్‌ను మళ్లీ తెరిచాను, ఈసారి ఫలితాల వరుస కాకుండా దూరాల వరుస చూశాను. ఆ ఏడు రోజుల్లో మిత్రుడి దూరాలు 0.52, 0.54, 0.51, 0.53 ఇలా ఉన్నాయి. ఏడింటిలో ఒక్కటి కూడా 0.56 దాటలేదు. అంటే లైబ్రరీ ఇచ్చిన హద్దును నేను ముట్టుకోకపోయి ఉంటే అతనికి అన్ని రోజులూ హాజరు పడేది. ఆ సమాచారం మొదటి రోజు నుంచీ నా దగ్గరే ఉంది, నేను అతనికి చూపించిన తెరలో మాత్రం ‘గైర్హాజరు’ అన్న ఒక్క మాటే ఉంది.

గట్టున_ఉన్నవాడు గారు చెప్పినట్టు 0.55 పెట్టి చూశాను. మిత్రుడికి ఏడింటిలో ఆరు సరిపోయాయి, కవలల్లో ఒకరికి మళ్లీ ఒకరోజు తప్పు పడింది. ఎక్కడ పెట్టినా ఎవరో ఒకరు నష్టపోయేట్టుంది కనుక అంకెతో తేల్చడం మానేసి, 0.5కూ 0.6కూ మధ్య పడ్డవారికి ‘గైర్హాజరు’ బదులు ‘గుర్తించలేకపోయాను’ అని వచ్చేట్టు మార్చాను. ఆ పేర్లు అధ్యాపకుల తెర మీదికి అప్పటికప్పుడే వెళతాయి, వారు తలెత్తి చూసి ఒక మీట నొక్కితే చాలు. రసాయనం మాస్టారు గారు చెప్పిన అనుమానపు గుర్తు ఇదేనని అనుకుంటున్నాను.

ఏడు గైర్హాజర్లనూ రద్దు చేయమని విభాగానికి ఉత్తరం రాశాను. వ్యవస్థలో లోపమని రాయాలా, నా నిర్ణయమని రాయాలా అని కాసేపు తటపటాయించి, 0.6ను 0.5గా మార్చింది నేనేనని తేదీతో సహా రాశాను. మిత్రుడు దాన్ని చదివి, ట్యూబ్‌లైట్ సంగతి కూడా రాయమన్నాడు. అదీ చేర్చాను.