అరకు ట్రిప్పు రద్దయింది. దసరా సెలవుల్లో పిల్లలతో హనుమకొండలోనే ఎట్లా గడపాలె?

ప్రశ్న – హన్మకొండ_నాన్న

అందరికీ నమస్తే. వానల వల్ల అరకు ప్రయాణం మానుకున్నం. పాపకు పదేండ్లు, బాబుకు ఆరు. సర్దిన బ్యాగులు అట్లనే ఉన్నయ్, ఇద్దరూ మొహాలు మాడ్చుకుని కూసున్నరు. బతుకమ్మ పండుగ మొదటి రోజు ఎంగిలిపూల నుంచి చివరి రోజు సద్దుల బతుకమ్మ దాకా ఊర్లనే ఉంటం. స్కూటీ ఉంది, కారు లేదు. ఒక్క రోజుకు మాత్రం బండి కిరాయికి మాట్లాడగలం. రోజును ఎట్లా పంచుకోవాలె, ఈ వయసు పిల్లలకు ఏ జాగలు నచ్చుతయ్, ఇంట్ల చేతులతో చేయించే పనులు ఏముంటయ్? తెలిసినోళ్లు వివరంగ చెప్పండి.

జవాబు – ఓరుగల్లు_టీచరమ్మ

తమ్ముడూ, రోజుకో జాగ చొప్పున రాసుకోకు. మూడో రోజుకే పిల్లలు డీలా పడతారు, మీకు విసుగొస్తుంది. పొద్దున ఆరున్నర నుంచి పది దాకా బయట, ఎండ ముదిరాక ఇంట్లో చేతిపని, సాయంత్రం బతుకమ్మ ఆట. మధ్యాహ్నం ఒక గంట మాత్రం ఏ పనీ చెప్పకుండా వదిలెయ్యి.

ట్రిప్పు ఆగినప్పుడు పిల్లలకు ఎక్కువ బాధ కలిగించేది ఎదురుచూడటానికి ఏమీ లేకపోవడం. అందుకే రేపటి సంగతి ముందురోజు రాత్రి అన్నం దగ్గరే చెప్పు. అదీ రెండు పనులు చెప్పి ఒకటి ఎంచుకోమను, ఒక రోజు పాప, ఒక రోజు బాబు. "రేపు ఏం చేద్దాం?" అని ఊరికే అడిగితే ఆరేళ్లవాడు తేల్చుకోలేడు, చివరికి అక్క మాటే నెగ్గి కొట్లాట అవుతుంది.

ఖిలా వరంగల్‌కు ఒక పొద్దున పూర్తిగా ఇవ్వు. లోపలికి పోయేటప్పుడే బండి ఆపి బయటి మట్టికట్ట, తర్వాత కందకం, రాతిగోడ వరసగా చూపించు. రాతిగోడలో బండకూ బండకూ మధ్య సున్నం ఎక్కడైనా కనిపిస్తుందేమో వెతకమను, పదేళ్ల పాపకు అది బాగా పట్టుకుంటుంది. నడుమ నాలుగు దిక్కులా నాలుగు కీర్తి తోరణాలు ఉన్నాయి. తెలంగాణ రాష్ట్ర చిహ్నంలో ఉన్నది ఈ తోరణమే. ఒక తెల్లకాగితాన్ని నిలువుగా మడిచి, మడత వైపు సగం తోరణం మాత్రమే గీయించు. మడత విప్పకుండా కత్తిరిస్తే పూర్తి తోరణం వస్తుంది. తెరిచి ఉన్న అంచు వైపు గీస్తే రెండు ముక్కలవుతాయి, మొదటిసారి చాలామంది పిల్లలు అక్కడే పొరబడతారు. చెక్కడాల మీద కాగితం ఆనించి పెన్సిల్‌తో రుద్దడం మాత్రం వద్దు, రాయి పాడవుతుంది. ఎండ పెరిగాక కోటలోనే ఉన్న ఖుష్ మహల్ అనే పాత రాతి భవనం లోపల కూర్చోండి, చల్లగా ఉంటుంది.

వేయిస్తంభాల గుడి 1163లో కట్టింది. శివుడు, విష్ణువు, సూర్యుడు ముగ్గురికీ మూడు గర్భాలయాలు. ఏది ఎటు తిరిగి ఉందో బాబుతో కనుక్కోమను. నల్లరాతి నంది నునుపు చూస్తే ఇద్దరూ ఆగిపోతారు. మరమ్మతు కోసం ఎన్నో ఏళ్లు విప్పి ఉంచిన కల్యాణ మండపం 2024లో మళ్లీ తెరిచారు, అదీ చూపించు. ఎంగిలిపూల సాయంత్రం అక్కడ విపరీతమైన రద్దీ ఉంటుంది కనుక గుడి పొద్దున చూడండి. సాయంత్రం ఆటకు తీసుకెళ్తే ఇద్దరి ముంజేతుల మీదా నీ ఫోన్ నంబరు బాల్‌పెన్‌తో రాయి. స్కెచ్ పెన్ను చెమటకు చెరిగిపోతుంది.

జవాబు – తంగేడుపూలు

ఈ వారం పని వెతుక్కునే అవసరమే లేదు అన్నా, బతుకమ్మే ఉంది. కాకపోతే పెద్దోళ్లు పేర్చి పిల్లలతో పట్టించుడు కాదు, వాళ్లకో చిన్నది వాళ్లతోనే పేర్పించండి.

పది అంగుళాల పళ్లెం చాలు. అంతకన్నా పెద్దదైతే పూలు సరిపోక సగంలో వదిలేస్తరు. అడుగున గుమ్మడాకులో మోదుగాకులో పరచాలె. తంగేడు నాలుగు వేళ్ల పొడవు కాడ ఉంచి కత్తిరించి, కాడలు లోపలికి, పూలు బయటికి వచ్చేటట్టు మొదటి వరస పెట్టించండి. దాని మీద గునుగు, తర్వాత బంతి, చామంతి. ఒక్కో వరసకు ఒక వేలెడు లోపలికి జరుగుతూ పోవాలె. శిఖరాన గుమ్మడిపువ్వు, పక్కన పసుపు గౌరమ్మ.

బతుకమ్మ ఒరిగేది నడుమ నింపుడు వదులుగ ఉంటేనే. ప్రతి వరస కాగానే తరిగిన కాడలు, ఆకులు మధ్యల పోసి అరచేత్తో గట్టిగ అదమాలె. పిల్లలకు పూలు పెట్టుడు మీదనే ధ్యాస ఉంటది, నింపుడు మరిచిపోతరు. చూడడానికి బాగనే ఉంటది గని పళ్లెం ఎత్తంగనే జారుతది. అందుకని అక్కది పూల పని, తమ్మునిది నింపి అదిమే పని అని పంచండి. ఆరేండ్ల పోరనికి అదుముడు మస్తు ఇష్టం.

గునుగుకు రంగు వేయాలంటే ముందురోజే వేయాలె. ఎనిమిదో పదో కలిపి దారంతో కట్టి, కాడల చివర్లు సమానంగ కోసి, రంగునీళ్లల్ల ముంచి, తలకిందులుగ తాడుకు వేలాడదీసి నీడన ఆరబెట్టాలె. తడి మీద పేరిస్తే పక్క పూలకు రంగు దిగి అంతా మట్టి రంగయితది. బజార్ల దొరికే రంగుపొడి చేతులకు పడితే తొందరగ పోదు. చిన్నోనికి మిఠాయిల్లో వేసే రంగు ఇవ్వండి, పాపకు చేతులకు కొబ్బరినూనె రాసి పని పెట్టండి. తంగేడు కోసినంక తడిగుడ్డల చుట్టి నీడకు ఉంచి, మధ్యాహ్నం మూడు దాటినంక పేర్చండి. పొద్దున్నే పేరిస్తే ఆటకు పోయేసరికి రెక్కలు రాలుతయ్.

నైవేద్యాలల్ల నానబియ్యం పూర్తిగ పిల్లలే చేయగలరు, పొయ్యి అక్కర్లేదు. ఒక గ్లాసు బియ్యం రెండు గంటలు నానబెట్టి, నీళ్లు వంపి, అర గ్లాసు తురిమిన బెల్లం, రెండు చెంచాల పాలు. పాలు ఎక్కువైతే బెల్లం కరిగి నీళ్లు నీళ్లయితది.

ఇంకో ముచ్చట. ఆరో రోజు అలిగిన బతుకమ్మ, ఆ రోజు పేర్చరు, ఆడరు. దూరం పోయే రోజు అదే పెట్టుకోండి. మిగతా ఏ రోజు పోయినా సాయంత్రం ఆటకు ఆలస్యమయితది, పిల్లలు దారి పొడుగునా అదే అంటరు.

జవాబు – ములుగు_రోడ్డు

అలిగిన బతుకమ్మ రోజు రామప్ప గుడి. ఈ సలహాకు నా ఓటు.

హనుమకొండ నుంచి ఆ గుడి ఉన్న పాలంపేట దాదాపు 70 కిలోమీటర్లు. పొద్దున ఆరింటికి బయల్దేరితే జనం రాకముందే గుడి చూడొచ్చు. పిల్లలకు మందం సాక్సులు పెట్టుకోండి. చెప్పులు బయటే విడవాలి, పదకొండు దాటితే ప్రాంగణం రాళ్లు అరికాళ్లు కాలుస్తాయి. చిన్నోడు ఎత్తుకోమంటాడు, మీరు చూసేదేమీ ఉండదు.

1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి, 2021లో యునెస్కో జాబితాలో చేరింది. పిల్లలకు ఈ లెక్కలకన్నా ఇటుకల సంగతి చెప్పండి. పైన గోపురానికి వాడిన ఇటుకలు నీళ్లలో తేలేంత తేలిక. కింద పునాదిలో ఇసుక. పోయేముందు ఇంట్లోనే ఒక బకెట్ నీళ్లలో మామూలు ఇటుక ముక్క, చెక్క ముక్క, థర్మకోల్ వేసి ఏది తేలుతుందో ముందే చెప్పించండి. అది చూసి వచ్చిన పిల్లలు గోపురం వైపు వేరే కళ్లతో చూస్తారు. చూరు కింద నల్లరాతి మదనికలు, అంటే ఆడవాళ్ల శిల్పాలు, ఉంటాయి. చిన్నపిల్లలు తల ఎత్తి చూడరు, మీరే చూపించాలి. నగలు, జడలు, చెప్పుల్లో తేడాలు వెతకమంటే పాప కదలదు.

తర్వాత లక్నవరం చెరువు మీది వేలాడే వంతెన. పిల్లలకు ఇది బహుమతి లాంటిది కాబట్టి వరస మార్చకండి. ముందు లక్నవరం పోతే రామప్ప దగ్గర బండి దిగరు. పడవ ఎక్కితే లైఫ్ జాకెట్ బకిల్స్ అన్నీ మీ చేత్తో పెట్టండి. పెద్ద సైజు వేస్తే నీళ్లలో జాకెట్ పైకి లేచి మొహానికి అడ్డం పడుతుంది. భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగితే గడ్డం దాటకూడదు. ఆదివారం పడితే ఆ రోజు వంతెన వదిలేయండి. అన్నం, నీళ్లు ఇంటి నుంచే.

హన్మకొండ_నాన్న

అందరికీ చాలా థ్యాంక్స్. అలిగిన బతుకమ్మ ముచ్చట మాకు తట్టనే లేదు. వాన పడితే, లేకపోతే రాత్రిపూట ఏం చేయించాలె? డాబా ఉంది, పిట్టగోడ నడుము ఎత్తు.

జవాబు – డాబామీద_చుక్కలు

డాబా ఉంటే ఆకాశమే చాలు. ఎంగిలిపూల రోజు అమావాస్య, సద్దుల నాడు అష్టమి. అంటే మూడో రోజు నుంచి పడమర నెలవంక మొదలై, చివరికి సగం చంద్రుడు. ఒకే చోట నిలబడి రోజూ ఏడు గంటలకు చంద్రుణ్ని గీయించండి, కింద ఎదురింటి ట్యాంకో చెట్టో గుర్తుగా ఉండాలి. చాచిన చేతి పిడికిలి వెడల్పు కన్నా కొంచెం ఎక్కువగా రోజూ తూర్పుకు జరుగుతుంది. చోటు మారినా, గంట తేడా వచ్చినా ఈ లెక్క చెడిపోతుంది. అదే వేళకు దాదాపు నడినెత్తిన శ్రవణ నక్షత్రం, దానికి ఉత్తరంగా బాగా మెరిసే అభిజిత్తు నక్షత్రం, నైరుతి దిక్కున కిందికి ఎర్రగా జ్యేష్ఠ నక్షత్రం. టార్చికి ఎర్ర గాజుకాగితం చుట్టండి, తెల్ల వెలుతురు పడితే కళ్లు మళ్లీ చీకటికి అలవాటు పడటానికి పావుగంట పైనే పడుతుంది. చాప పిట్టగోడకు దూరంగా డాబా నడుమ వేయండి. దోమలకు నిండు చేతుల చొక్కాలు, క్రీము తప్పనిసరి.

వాన రోజుకు సర్వపిండి. రెండు గ్లాసుల బియ్యప్పిండి, గంట నానిన శనగపప్పు గుప్పెడు, దంచిన పల్లీలు గుప్పెడు, రెండు చెంచాల నువ్వులు, ఉల్లికాడలు, కరివేపాకు, ఉప్పు, కారం. నీళ్లు కొద్దికొద్దిగా. రొట్టెపిండి కన్నా కాస్త మెత్తగా ఉండాలి. గట్టిగా కలిపితే ఒత్తేటప్పుడు అంచులు పగులుతాయి, పలుచనైతే లోపల పచ్చిగా మిగులుతుంది. నూనె రాసిన గిన్నెలో పలుచగా ఒత్తి, వేలితో అక్కడక్కడా చిల్లులు పెట్టి, ఒక్కో చిల్లులో నూనె చుక్క వేసి, మూత పెట్టి సన్న మంట మీద పది నిమిషాలు.

హన్మకొండ_నాన్న

గిన్నెల ఒత్తుడు ఆరేండ్లోనికి ఇవ్వొచ్చా? కాల్చుకుంటడేమో అని భయం.

జవాబు – డాబామీద_చుక్కలు

ఇవ్వొచ్చు, మూడు గిన్నెలు ఉంటే. ప్రమాదమంతా రెండో సర్వపిండి దగ్గరే, వేడి గిన్నెలోనే మళ్లీ ఒత్తబోతారు. ఒకటి పొయ్యి మీద, ఒకటి చల్లారుతూ, ఒకటి బాబు ముందు. దించిన గిన్నెను బోర్లించి అడుగున చల్లనీళ్లు పోయండి. మీరు అరచెయ్యి ఆనించి అర నిమిషం ఉంచగలిగితేనే బాబుకు ఇవ్వండి. పొయ్యి మీద పెట్టడం, దించడం మీ పని. ఒత్తడం, చిల్లులు పెట్టడం వాళ్లది. చిల్లులు ఎన్ని ఎక్కువ పెడితే అంత కరకరలాడుతుంది, ఆ మాట ముందే చెప్పండి.