మింగలడాన్‌లో పాతిపెట్టిన స్పిట్‌ఫైర్లు: తాతగారు చూశానంటున్నారు, డబ్బు కట్టొచ్చా?

ప్రశ్న:
నమస్కారమండీ. మాది విశాఖ, బర్మా క్యాంపు. మా తాతగారు రంగూన్‌లో పుట్టి పెరిగి, 60ల్లో ఇక్కడికి వచ్చేశారు. ఇప్పుడు 94 ఏళ్ళు. యుద్ధం అయిపోయాక వాళ్ళ నాన్నతో కలిసి మింగలడాన్ ఏరోడ్రోమ్‌లో కూలికి వెళ్ళేవారట. దొరలు పెద్ద పెద్ద చెక్కపెట్టెలు గోతుల్లోకి దింపించి మట్టి కప్పించారని నా చిన్నప్పట్నుంచీ చెబుతున్నారు. మొన్న బర్మా స్పిట్‌ఫైర్ల గురించి, అంటే రెండో ప్రపంచయుద్ధం నాటి బ్రిటిష్ యుద్ధవిమానాలను పెట్టెల్లో పెట్టి అక్కడ పాతిపెట్టారన్న కథ గురించి, చదివి ఒళ్ళు జలదరించింది. ఈలోగా తెలిసినవాళ్ళ ద్వారా ఒకాయన ఫోన్ చేసి, తవ్వకానికి వాటాలు వేస్తున్నాం, మీ తాతగారి సాక్ష్యం ఉంది కాబట్టి 2 లక్షలు కడితే చాలు అంటున్నాడు. విమానాలు నిజంగా ఉన్నాయా? కట్టొచ్చా?

జవాబు:
ముందు డబ్బు సంగతి. కట్టకండి. రేపే ఆఖరి రోజన్నా సరే, కట్టకండి.

ఎందుకంటే అక్కడ తవ్వేశారు. ఇంగ్లండులో లింకన్‌షైర్ రైతు డేవిడ్ కండాల్ ఈ విమానాల కోసం ఏళ్ళ తరబడి తిరిగాడు. మీ తాతగారి లాంటి పెద్దల మాటలే ఆయన పెట్టుబడి. 2012లో బ్రిటన్ ప్రధాని కామెరాన్ బర్మా వెళ్ళినప్పుడు అధ్యక్షుడు థేన్ సేన్‌తో ఈ మాట ఎత్తాడు. ఆ అక్టోబరులో ఒప్పందం కుదిరింది. ట్యాంకుల వీడియో గేమ్ చేసే వార్‌గేమింగ్ కంపెనీ ఖర్చు పెట్టుకుంది. 2013 జనవరిలో పురావస్తు నిపుణులతో సహా దిగారు. ఇప్పటి యాంగోన్ (మీ తాతగారి రంగూన్) విమానాశ్రయమే అప్పటి మింగలడాన్. తవ్వితే కరెంటు కేబుళ్ళు, నీటి పైపులు బయటపడ్డాయి. ఉత్తరాన మిచినాలో ఒక పెట్టె దొరికిందని అందరూ ఎగిరి గంతేశారు, కెమెరా దింపి చూస్తే బురదనీళ్ళు. ఫిబ్రవరిలో కంపెనీయే ప్రకటించింది, ఇక్కడ స్పిట్‌ఫైర్లు లేవని.

నాకు ఇందులో అన్నిటికన్నా గట్టి సాక్ష్యం అనిపించేది కాగితం. 1945, 46లలో రంగూన్ రేవులో దిగిన విమానాలను చూసుకున్న బ్రిటిష్ వాయుసేన విభాగం లెక్కలు దొరికాయి. మూడు ఓడల్లో మొత్తం 37 విమానాలు. పెట్టెల్లో వచ్చినవాటిలో స్పిట్‌ఫైర్ ఒక్కటీ లేదు. వచ్చినవి కూడా చాలావరకు 1946లో తిరిగి ఓడెక్కినట్టే ఉంది. ఓడ దిగని విమానాన్ని ఎవరు మాత్రం ఎలా పాతిపెడతారు?

అలాగని తాతగారు అబద్ధం చెబుతున్నారని కాదు సుమా. యుద్ధం ముగిశాక సైన్యాలు చాలా సామాను పారేసి, పగలగొట్టి, పూడ్చి వెళ్ళాయి. మన కాన్పూర్‌లోనే అమెరికా బ్రిటన్‌కి అప్పుగా ఇచ్చిన లిబరేటర్ బాంబర్లను ఎగరకుండా పాడుచేసి వదిలేశారు. బెంగళూరు విమానాల ఫ్యాక్టరీ హెచ్.ఎ.ఎల్. వాళ్ళు వాటిలోంచి 40కి పైగా బాగుచేసి మన వాయుసేనకి ఇచ్చారు, 1968 దాకా ఎగిరాయి. తాతగారు పెట్టెలు చూశారు. అందులో విమానం ఉందని ఆయనే చూశారా, ఎవరైనా చెప్పారా? అది అడగండి. పెట్టె పొడవెంత, ఎంతమంది మోశారు అన్నది కూడా. కండాల్ వెతికిన మార్క్ 14 రకం స్పిట్‌ఫైర్ ఖాళీగా ఉన్నా దాదాపు 3 టన్నులు, పొడవు 32 అడుగులు పైమాటే. రెక్కలు విప్పినా ఆ పొడవు ఎక్కడికీ పోదు.

మరో సభ్యుడు:
అయితే పాతుకుపోయిన విమానాలన్నీ కథలేనా అన్నా? గ్రీన్‌లాండ్ మంచులోంచి తీశారని విన్నాను.

జవాబు:
అది నిజం. 1942 జులైలో అమెరికా వాళ్ళ 6 పీ-38 యుద్ధవిమానాలు, 2 బీ-17 బాంబర్లు దారి తప్పి, ఇంధనం అయిపోయి అక్కడి మంచు మీద దిగాయి. మనుషులందరూ బతికి బయటపడ్డారు. 1988లో వెతికితే విమానాలు 268 అడుగుల లోతున ఉన్నాయి. వేడినీళ్ళతో మంచు కరిగించి నుయ్యిలా బొరియ చేసుకుంటూ దిగి, ఒక పీ-38ని ముక్కలుగా విప్పి 1992లో పైకి తెచ్చారు. 2002లో అది మళ్ళీ ఎగిరింది. ఐర్లండులో డోనెగాల్ బురదనేలలో 1941లో కూలిన స్పిట్‌ఫైర్‌ని 2011లో తవ్వితే, మెషిన్‌గన్ కడిగి శుభ్రం చేశాక పేలింది కూడా. కానీ తేడా చూడు తమ్ముడూ. ఆ రెండు చోట్లా ఏ విమానం ఎప్పుడు దిగింది, నడిపిందెవరు అన్నది అప్పుడే రాసి పెట్టారు. నేలని అడగబోయేముందు కాగితాన్ని అడగాలి. బ్రిటిష్ స్క్వాడ్రన్ల (వాయుసేన దళాల) దినచర్య పుస్తకాలు లండన్‌లో క్యూ (Kew) అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. ఎయిర్ 27 (AIR 27) అనే ఫైళ్ళ వరస స్క్వాడ్రన్లది, ఎయిర్ 28 వైమానిక స్టేషన్లది. మింగలడాన్ పేరుతో వెతకండి.

అన్నట్టు, ఇక్కడెక్కడైనా పొలంలో పాత బాంబు లాంటిది తగిలితే చెయ్యి వెయ్యొద్దు, దూరంగా జరిగి పోలీసులకు చెప్పండి.

అడిగినవారు:
తాతగారిని అడిగానండీ. పెట్టె మన వసారా అంత ఉంటుందిరా అన్నారు. టేపు పెట్టి కొలిచాను, 11 అడుగులు. ఎనిమిది మంది, కింద దుంగలు పెట్టి, తాళ్ళతో లాగారట. లోపల ఏముందో ఆయన చూళ్ళేదు. విమానాలని ఆ తరవాతెప్పుడో టీ కొట్టు దగ్గర విన్నారట.

జవాబు:
11 అడుగులంటే స్పిట్‌ఫైర్ కాదు బాబూ. విడిభాగాలో, తుక్కో, మరేదో. కానీ ఆయన చూసింది చూసినట్టు చెప్పారు, విన్నది విన్నట్టు చెప్పారు. 94 ఏళ్ళ వయసులో ఆ తేడా చెప్పగలగడం మామూలు విషయం కాదు. కూర్చోబెట్టి రికార్డు చెయ్యండి. పెట్టెల గురించే కాదు, కూలి ఎంతిచ్చేవారు, ఏ బస్తీ నుంచి నడిచి వెళ్ళేవారు, మేస్త్రీ ఎవరు, అన్నీ. రంగూన్ రేవులో మోసిన తెలుగువాళ్ళ మాట ఆ దొరల పుస్తకాల్లో దొరకదు.

అడిగినవారు:
ఫోన్ చేసినాయనకి కట్టనని చెప్పేశాను. రన్‌వే ఎటు ఉండేది తాతా అంటే, అమ్మ దగ్గర ముగ్గుపిండి అడిగి గచ్చు మీద గీసి చూపించారు. ఇటు రోడ్డు, ఇటు గుడారాలు, ఇక్కడ మా నాన్న క్యారేజీ పెట్టుకునే చెట్టు అని. తుడిచెయ్యకముందే ఫొటో తీశాను. రేపు పొద్దున్న కాఫీ తాగాక రికార్డింగు మొదలుపెడతాం.