ముందు ఇండికేటర్లు పార్కింగ్ లైట్లలా కూడా వెలగాలంటే వైరింగ్ ఎలా?

లంక_రైడర్:
బండి పాత స్ప్లెండర్, బీఎస్-3. ధనుర్మాసం మంచులో కాలువ గట్టు రోడ్ల మీద ఎదుటివాళ్లకి బండి వెడల్పు తెలియడం లేదు. ముందు ఇండికేటర్లు రెండూ ఎప్పుడూ సన్నగా వెలుగుతూ, స్విచ్ వేస్తే మామూలుగా కొట్టుకోవాలి. నాలుగు వైపులా ఎల్ఈడీ బల్బులే ఉన్నాయి. పార్కింగ్ లైటు వైరు తెచ్చి ఇండికేటర్ వైరుకి కలిపేస్తే చాలా అండి?

గట్టు_వైర్‌మన్:
చాలదండి. ఆ బండిలో హెడ్‌లైటు, పార్కింగ్ లైటు మాగ్నెట్ (ఇంజన్ తిరిగితే కరెంటు పుట్టించే భాగం) నుంచి వచ్చే ఏసీ కరెంటు మీద నడుస్తాయి, ఇండికేటర్లు బ్యాటరీ మీద. కలిపితే ఎల్ఈడీ వణుకుతుంది. ఫీడ్ (కరెంటు తెచ్చే వైరు) కీ ఆన్ చేస్తే కరెంటొచ్చే నల్ల వైరు నుంచి తీయండి, 1 ఆంపియర్ ఫ్యూజు తప్పనిసరి.

ఇంకో చిక్కుంది. ఒక పక్క ముందు, వెనక ఇండికేటర్లు ఒకే వైరు మీద ఉంటాయి (ఎడమ నారింజ, కుడి లేత నీలం). ముందుదానికిచ్చిన కరెంటు వెనకదానికీ పారుతుంది. అందుకే దీపానికి రెండేసి 1ఎన్4007 డయోడ్లు (కరెంటుని ఒక వైపుకే పోనిచ్చేవి) కావాలి. హెడ్‌లైటు డోమ్‌లో ముందు ఇండికేటర్ జాయింటు విప్పి, ఫ్లాషర్ (ఇండికేటర్లని కొట్టుకునేలా చేసే డబ్బీ) వైపు నుంచి ఒక డయోడ్, కొత్త ఫీడ్ నుంచి 100 ఓమ్‌ల 2 వాట్ల రెసిస్టర్, దాని తర్వాత రెండో డయోడ్. రెండిటి తెల్ల గీతా బల్బు వైపే ఉండాలి. ఒక్కటి తిరగబడినా ఆ దారి మూసుకుపోతుంది.

పగలు ఎండలో పదడుగుల దూరం నుంచి చూడండి. కొట్టుకోవడం స్పష్టంగా తెలియకపోతే 220 ఓమ్‌లు వేయండి. సన్నగా ఉంటేనే ఈ పనికి అర్థం. లోపల డ్రైవర్ ఐసీ (కరెంటుని అదుపుచేసే చిప్పు) ఉన్న బల్బులు రెసిస్టర్‌తో సన్నబడవు, మినుకుమంటాయి. బిగించేముందే బ్యాటరీ మీద పెట్టి చూసుకోండి.

లంక_రైడర్:
అర్థమైందండి. ఇప్పుడే ఒక పక్క స్విచ్ వేస్తే నాలుగూ కొట్టుకుంటున్నాయి, అదెందుకు? వెనక కూడా ఇలాగే చేయొచ్చా?

మీటర్‌బోర్డు:
మీటర్లో ఇండికేటర్ బల్బు ఒక్కటే, నారింజకీ నీలానికీ మధ్య ఉంటుంది. అవతలి పక్క బల్బుల్నే ఎర్తుగా వాడుకుంటుంది. ఫిలమెంట్లకి ఆ కాస్త కరెంటు చాలదు కాబట్టి వెలగవు, ఎల్ఈడీలకి చాలు. రెండు వైర్ల నుంచీ ఒక్కో డయోడ్ ద్వారా మీటర్ బల్బు ఒక కాలికి, రెండో కాలు ఆకుపచ్చ ఎర్తుకి ఇవ్వండి.

వెనక మాత్రం వద్దు. వెనక నిలకడగా వెలిగేది ఎర్రగానే ఉండాలి. మంచులో వెనక నారింజ కనబడితే ఎదురొచ్చే బండి అనుకుంటారు.

గట్టు_వైర్‌మన్:
21/5 వాట్ల డబుల్ ఫిలమెంట్ బల్బు వేయమని ఎవరైనా అంటే వినకండి. ఆ డొప్పలు 10 వాట్లకి చేసినవి, కరుగుతాయి. ఎల్ఈడీలు గబగబా కొట్టుకుంటుంటే ఎల్ఈడీకి పనికొచ్చే రెండు పిన్నుల ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ మార్చండి. దాని మీద బి అని ఉన్న పిన్ను నల్ల వైరుకి, ఎల్ అని ఉన్నది బూడిద రంగు వైరుకి. చెరువుల నీళ్లు కారుతూ పోయే చేపల లారీల వెనకే తిరుగుతారు కాబట్టి మెలేసి టేపు చుట్టొద్దు. టంకం వేసి హీట్ ష్రింక్ స్లీవ్ తొడగండి, హోల్డర్లలో కాస్త వాజెలిన్ రాయండి. చిలుము ముందు పట్టేది ఎర్తు జాయింటుకే.